శనగ తలలు కొరుకుతున్నది చెవులపిల్లా, దుప్పా?

జైనథ్ దిక్కు రైతు:
మాది పెన్‌గంగ దగ్గర నల్లరేగడి చేను. సోయా కోసినంక శనగ పెట్టినం. మొలకలు నాలుగాకులు ఏసినయో లేదో, పొద్దుగాల పోయి చూస్తే సాళ్లకు సాళ్లే తలలు లేవు, మొండ్లు నిలబడి ఉన్నయి. పక్క చేను కాక దుప్పి అంటడు, మా బాపు చెవులపిల్లి (కుందేలు) అంటడు. పగటిపూట ఒక్కటి కనపడదు. చెవులపిల్లి గడ్డి కదా తినేది? వానకాలంల సోయాను పెద్దగ ముట్టలే, ఇప్పుడెందుకు పడ్డది?

కిన్వట్ అల్లుడు:
మా అత్తగారోళ్లు చేను చుట్టూ పాత చీరలు కట్టిన్రు. మొదట్ల ఆగింది, తర్వాత అలవాటు పడ్డది. ఉచ్చు పెడ్తే అయిపోదా?

మేకల పెద్దాయన:
ఉచ్చు మాట ఎత్తకు అల్లుడా. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసైతది. కరెంటు తీగ పెడితే మనుషులే పోతరు.

తమ్మీ, కూసోని మొండిని దగ్గర నుంచి చూడు. కత్తితోని ఏటవాలుగ కోసినట్టు నున్నగ ఉంటే చెవులపిల్లే. దానికి పైనా కిందా ముందుపండ్లు ఉంటయి, పైవాటి ఎనక ఇంకో చిన్న జత కూడ. దుప్పికైనా మేకకైనా పైన ముందుపండ్లు లేవు, పట్టి గుంజుతది. అందుకే కొన చీలికలైతది, ఒక్కోసారి మొక్క ఏరుతోనే లేస్తది. పెంటికలు కూడ చూడు. మేకవి నల్లగ, కొంచెం పొడుగు. చెవులపిల్లివి గుండ్రంగ, జర అణిగినట్టు ఉంటయి, ఎండినయి నలిపితే లోపలంత గడ్డి పొట్టే.

వానకాలంల గట్ల మీద గరిక, లేత గడ్డి ఉంటది, దానికి చేన్లకు వచ్చే పనే లేదు. గడ్డి ఎండి గట్టిపడ్డంక పచ్చగ ఉన్నది ఎతుక్కుంటది: మొలకలు, ఆకుమొక్కలు, పొదల చిగుర్లు. మా ఊర్ల ఇప్పుడు గట్టు మీద కూడ గడ్డిమందు కొడ్తున్నరు. చుట్టూ ఎండబెట్టి నడుమ శనగ పచ్చగ పెడితే అది ఎటు పోవాలె? నాకైతే దాని మీద కోపం రాదు.

పగలు కనపడదంటివి. బొరియ తవ్వదు అది, గడ్డిదుబ్బుల ఒళ్లు పట్టేంత గుంట చేసుకోని అండ్లనే పంటది. మెత్తటి పెంటికలను మళ్ల తానే తింటది, మొదటిసారి అరగని సత్తువ అట్ల దక్కించుకుంటది. ఈ ముచ్చట చెప్తే మా మనుమరాలు తినే అన్నం వదిలేసి లేచింది.

జువాలజీ టీచర్:
పెద్దాయన చెప్పింది కరెక్టు. మనది నల్లమెడ కుందేలు. కెనడాలో మంచుకుందేలు ఎండకాలం పచ్చగడ్డి, ఆకులు తింటుంది, చలికాలంలో విల్లో, బర్చ్ చెట్ల పుల్లలు, బెరడు కొరుకుతుంది. స్కాట్లండ్ కొండల్లో ఉండే కుందేలుకు చలికాలంలో హెదర్ అనే చిన్న పొదలే ఎక్కువగా ఆధారం.

జైనథ్ దిక్కు రైతు:
చూసిన. మొండ్లు చాన వరకు నున్నగనే ఉన్నయి. వాగు దిక్కు సాళ్లల్ల మాత్రం చీలికలు. ఇద్దరూ వస్తున్నట్టున్నయి. మళ్ల ఇత్తనం ఏయాల్నా?

మేకల పెద్దాయన:
ఆగు. సోయా బద్దలు భూమి పైకి వస్తయి, వాటి కింద కొరికితే మొక్క పోయినట్టే. శనగ బద్దలు మట్టిలనే ఉంటయి, ఏరు గట్టిగుంటే కింది కణుపు నుంచి మళ్ల చిగురేస్తది. స్ప్రింక్లర్ ఒకసారి తిప్పి వారం చూడు. ఏరుతో లేచిన కాడనే ఇత్తనం పెట్టు. వాగు గట్టు గడ్డి మాత్రం ఎవ్వరినీ కోయనియ్యకు.