చలికాలంలో బాలింతకు ఎన్ని జతల బట్టలు ఉంటే గడుస్తుంది?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ నమస్కారం. కార్తీక పౌర్ణమి వెళ్లిన వారానికి ఆపరేషన్ ద్వారా నాకు పాప పుట్టింది. ఇప్పుడు పాపకు ఐదు వారాలు నిండాయి, నేను ఇంకా తల్లిగారింట్లోనే ఉన్నాను. బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడేటట్టున్నాయి గాని, తెల్లవారుజామున నాలుగు గంటలకు పాలివ్వడానికి లేచినప్పుడు వేసుకోదగినది ఒక్కటీ చేతికి దొరకడం లేదు. పాత కుర్తాలు ఛాతీ దగ్గర పట్టవు, జీన్స్ నడుము పట్టీ సరిగ్గా కుట్ల మీదికే వస్తుంది, పెళ్లినాటి పట్టుచీరల సంగతి చెప్పనక్కరలేదు. రెండే రెండు నైటీలతో నెట్టుకొస్తున్నాను. మొన్న తల మీదుగా తొడుక్కునే స్వెట్టర్ వేసుకోబోతే మెడ దగ్గర ఇరుక్కుపోయింది. ఒక చేతిలో పాప ఏడుస్తుండగా, ముఖానికి ఉన్ని అడ్డుపడి ఏమీ కనబడక నిలబడిపోతే, మా అమ్మ వచ్చి దాన్ని పైకి లాగవలసి వచ్చింది.

క్యాప్సూల్ వార్డ్‌రోబ్ (కొద్ది బట్టలనే ఒకదానితో ఒకటి కలిపి వేసుకునే పద్ధతి) అంటూ వీడియోలలో చూపిస్తున్నవి పొడవాటి ఉన్ని కోట్లు, మోకాళ్ల దాకా బూట్లు. మన దగ్గర పొద్దున పళ్లు కొట్టుకునే చలి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్యాన్ వేసుకుందామా అనిపించే ఎండ. వచ్చే వారం పాపకు ఆరో వారం టీకా ఉంది, సంక్రాంతి దాటాక అత్తగారింటికి వెళ్లాలి. శివరాత్రి దాకా ఆలోచించకుండా తీసి వేసుకునేటట్టు ఏవి, ఎన్ని ఉంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మూడు వేలకు మించి ఖర్చు పెట్టే పరిస్థితి లేదు.

జవాబు (నల్లగొండ, ఇద్దరు పిల్లల తల్లి)

చెల్లె, ముందుగా ఆ క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అన్న పేరును చూసి బెదరకండి. 1970లలో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫాక్స్ అనే ఆమె ఈ మాటను వాడుకలోకి తెచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఏడు రకాల వస్త్రాలను ఒకదానితో ఒకటి కలిపి వేసుకునేటట్టు తయారుచేసి దానికి పేరు తెచ్చింది. ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లు పొద్దున అద్దం ముందు సమయం పోగొట్టుకోకూడదన్నది అక్కడి ఉద్దేశం. ఆమె అన్నిటికీ అడుగున ఒంటికి అతుక్కునే బాడీసూట్‌ను పెట్టింది. మన బాలింతకు ఆ స్థానంలో ఉండేది నైటీ, అందులో నామోషీ పడవలసింది ఏమీ లేదు.

అయితే ఉద్యోగస్తురాలి బట్టలను సందర్భాలను బట్టి లెక్కపెడతారు, బాలింత బట్టలను ఉతుకుడును బట్టి లెక్కపెట్టాలి. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ఆ పన్నెండింటిలో రెండు మూడు సార్లు పాలు కారడమో, బిడ్డ కక్కడమో, ఒడి తడవడమో తప్పదు. అందుకే నా లెక్క ఇది: ఒంటి మీద ఒకటి, దండెం మీద రెండు, మడతలో రెండు. ఐదు నైటీలు. ఇంతకంటే తగ్గితే తడిబట్ట కట్టుకోవలసి వస్తుంది, ఎక్కువైతే కుర్చీ మీద కుప్ప పెరుగుతుంది. మీకు రెండు ఉన్నాయి కాబట్టి మూడు కొంటే చాలు. ఫీడింగ్ నైటీ కొనేటప్పుడు జిప్పును తప్పక చూడండి, లోపల గుడ్డ పట్టీ లేకపోతే చల్లటి లోహపు జిప్పు బిడ్డ చెంపకు తగులుతుంది. నా పెద్దవాడు పాలు తాగుతూ తాగుతూ ఉలిక్కిపడి ఎందుకు వదిలేస్తున్నాడో తెలియక నాలుగు రోజులు బాధపడ్డాను.

గుడ్డ మాత్రం నూలుదే కావాలి. కాన్పు తర్వాత హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం వల్ల మొదటి వారాల్లో రాత్రిళ్లు విపరీతంగా చెమట పడుతుంది; చలి కదా అని ఒంటికి ఆనేటట్టు యాక్రిలిక్ ఉన్ని వేసుకుంటే ఆ చెమట లోపలే నిలిచి, తర్వాత అదే వణికిస్తుంది. నూలు లోపల, ఉన్ని పైన. ఆ ఉన్ని కూడా ముందు బొత్తాలు ఉన్నదే అయి ఉండాలి. మీ ఇరుక్కున్న స్వెట్టర్‌ను మీ తమ్ముడికి ఇచ్చేయండి. బొత్తాల స్వెట్టర్లు రెండు, భుజాల మీద కప్పుకునే పెద్ద శాలువా ఒకటి, నడుము పట్టీ బొడ్డు పైకి వచ్చే మెత్తటి లెగ్గింగులు మూడు, మేజోళ్లు నాలుగు జతలు. టీకాకు, చుట్టాలు వచ్చినప్పుడు వేసుకోవడానికి ముందు తెరుచుకునే కుర్తాలు రెండు ఉంటే సరిపోతుంది.

రంగుల గురించి మీరు అడగలేదు గాని చెబుతాను. ఒకే రంగు ముదురు నైటీ మీద ఆరిన పాలు తెల్లటి చారలుగా కనబడతాయి, లేత రంగు మీద తడి మరక కనబడుతుంది. చిన్న పూల అచ్చు గాని, పోచంపల్లి ఇక్కత్ నమూనా గాని అయితే రెండూ దాగుతాయి. నూలును ముందే కట్లు కట్టి రంగులో ముంచి ఆ తర్వాత నేస్తారు కాబట్టి ఇక్కత్‌లో గీతల అంచులు చెదిరినట్టు ఉంటాయి, ఆ చెదురులో మీ మరక ఎవరి కంటా పడదు. చేనేత నూలు మొదటి రెండు మూడు ఉతుకుల్లో రంగు వదలవచ్చు. పాప బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి.

జవాబు (నారాయణపేట, బట్టలు కుడతాను)

పై అక్క చెప్పినవన్నీ నిజమే గాని, ఆ రెండు కుర్తాలను కొనవద్దని నా మాట. మీకు పట్టని పాత కుర్తాలనే దర్జీ దగ్గరకు పంపండి. చంకల కింద కుట్టు లోపల మడతలో గుడ్డ వదిలి ఉంటే, దాన్ని విప్పితే రెండు వైపులా కలిపి అంగుళంన్నర నుంచి రెండు అంగుళాల దాకా వదులు వస్తుంది. మెడ నుంచి ఛాతీ కింది వరకు ముందు భాగాన్ని చీల్చి ప్రెస్ బొత్తాలు పెట్టించుకుంటే అదే పాలిచ్చే కుర్తా అవుతుంది, మీద చున్నీ వేసుకుంటే కుట్టినట్టు కూడా తెలియదు. లంగాకు బొందు తీసేసి రెండు అంగుళాల వెడల్పు ఎలాస్టిక్ వేయించండి. సన్నటి బొందు బిగిస్తే ఆపరేషన్ అయిన పొట్ట మీద అదొక గీతలాగా కోస్తుంది.

చీర కట్టుకోవాలనిపించిన రోజున మా నారాయణపేట నూలు చీర పాతబడినది ఏదైనా తీయండి, ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తగా అవుతుంది. గద్వాల చీర ఒడలు నూలే అయినా పట్టు అంచుకు, కొంగుకు జరీ ఉంటుంది, అది బిడ్డ చెంపను గీరుతుంది. పిన్నీసులు అసలే వద్దు. కొంగును నడుముకు చెక్కుకోండి.

జవాబు (పాలమూరు, మనుమలు ఉన్నదాన్ని)

బిడ్డా, వీళ్లు బట్టలన్నీ చెప్పారు గాని రాత్రి పూట కాళ్ల సంగతి చెప్పలేదు. పాలిచ్చేటప్పుడు దుప్పటి జారిపోతుంది, మోకాళ్ల కింద మంచు తగిలినట్టు అవుతుంది. మీ ఇంట్లో గాని, అత్తగారింట్లో గాని పాత గొంగడి ఉందేమో అడుగు. మన దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి బరుకుగానే ఉంటుంది, పసిబిడ్డ ఒంటికి తగలనివ్వకూడదు. కాని లోపల ఒక నూలు దుప్పటి వేసి నీ కాళ్ల మీద కప్పుకుంటే ఎంత చలైనా లోపలికి రాదు. కుంపటి దగ్గర కూర్చుంటే సింథటిక్ శాలువా వేసుకోకు, నిప్పు రవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

ఇంకొక మాట జాగ్రత్తగా విను. పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన స్వెట్టర్లను, శాలువాలను తీసినవి తీసినట్టు కట్టుకుని బిడ్డను ఎత్తుకోకూడదు. మా మనుమడు పుట్టినప్పుడు నేనే ఆ తప్పు చేశాను, ఇంటికి వచ్చిన నర్సమ్మ వాసన పట్టి మందలించింది. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల కొందరు పసిబిడ్డలకు, ముఖ్యంగా పుట్టుకతోనే జీ6పీడీ లోపం (రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండడం) ఉన్నవారికి, రక్తకణాలు విరిగి కామెర్లు వస్తాయట. ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టిన తర్వాతే వాడాలి, బిడ్డ ఉన్న గదిలో ఆ ఉండలు ఉంచనే కూడదు.

తలకు రుమాలు, చెవుల్లో దూది గురించి మీ అమ్మతో వాదన పెట్టుకోకు. మెత్తటి నూలు రుమాళ్లు ఆరు కొని ఉంచు. తలకు కట్టుకున్నా, బిడ్డ కక్కితే తుడిచినా అదే రుమాలు.

మళ్లీ దేవరకొండ నుంచి

అక్కలకు, పెద్దమ్మకు నా కృతజ్ఞతలు. నిన్న బీరువా అంతా మంచం మీద కుప్ప పోసి, ఇప్పుడు పనికివచ్చేవి మాత్రం ఒక అరలో పెట్టాను. ఇక్కత్ అచ్చు నైటీలు మూడు, బొత్తాల స్వెట్టర్ ఒకటి, రుమాళ్లు ఆరు కొనగా రెండు వేలకు కొద్దిగా పైన అయింది. రెండో స్వెట్టర్ మా వదినది తీసుకున్నాను. కుర్తాలు రెండు దర్జీకి ఇచ్చాము, టీకా రోజుకు ఒకటైనా అందిస్తానన్నాడు. మా అమ్మ శాలువాను వాసన చూస్తే కలరా ఉండల ఘాటు గుప్పుమన్నది, దాన్ని ఉతికి రెండు రోజుల నుంచి డాబా మీద ఆరేస్తున్నాము.

ఒక్క సందేహం మిగిలింది. ఐదు నైటీల లెక్క ఎండ ఉన్న రోజుకు సరిపోతుంది గాని, మొన్న పొగమంచు పట్టి పదకొండు దాకా పొద్దు కనబడలేదు, దండెం మీదివి సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉన్నాయి. నల్లగొండ అక్క అటువంటి రోజుల్లో ఏం చేసేవారు?

జవాబు (నల్లగొండ)

ఆ రోజుల్లో నైటీ మొత్తం ఉతికేదాన్ని కాదు చెల్లె. మరక పడిన చోటు మాత్రమే గోరువెచ్చటి నీళ్లతో రుద్ది, పొడి తువాలులో చుట్టి గట్టిగా పిండి, ఫ్యాన్ కింద వేసేదాన్ని, గంటన్నరలో ఆరిపోయేది. రొమ్ముల దగ్గర నూలు ప్యాడ్లు పెట్టుకుంటే సగం మరకలు అసలు బట్ట దాకా రావు, పాత చీర ముక్కలను నాలుగు మడతలు వేసి గుండ్రంగా కుట్టించుకోండి, ఎనిమిది చాలు. బయట ఆరేసినవి ఎండ తగ్గకముందే, నాలుగింటికల్లా లోపలికి తీసుకోండి. పొద్దుగూకాక మంచు పడితే పొద్దంతా ఆరినవి మళ్లీ మొదటికి వస్తాయి.