పేదలకి ఇల్లు: పథకం చాలా, చట్టం కావాలా? (విజయనగరం)

కోటగుమ్మం:
నివాస హక్కుకి అసెంబ్లీలో చట్టం చేయించమని మా ఎమ్మెల్యేకి అర్జీ రాస్తున్నాం. సంతకాలు అడిగితే సగం మంది "పట్టాలు ఇస్తూనే ఉన్నారు కదా, చట్టం దేనికి?" అంటున్నారు. నా మాట చెబుతాను. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది కాబట్టే ఎవరు గెలిచినా మనిషికి 5 కిలోల బియ్యం ఆగట్లేదు. ఇల్లు అలా కాదు. 2020లో ఇంటి స్థలం పట్నంలో సెంటు, పల్లెలో సెంటున్నర ఇచ్చారు. 2024 ఎన్నికల్లో రెండు, మూడు సెంట్లన్నారు. ప్రభుత్వం మారితే పథకం పేరూ, కొలతా, జాబితా అన్నీ మారతాయి.

పాత మేస్త్రీ:
బాబూ, చట్టం వచ్చి సిమెంటు కలుపుతుందా? ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. ఆ పథకంలో కట్టుకోమని ఇచ్చిన 1.80 లక్షలతో ఇల్లు లేవదని ఏ కూలీని అడిగినా చెబుతాడు. మూడేళ్ల కిందట ఊరి బయట లేఔట్‌లో ఒకావిడకి పని చేశాను. 48 గజాలు. పునాది అయ్యింది, ఆ బిల్లు పడింది. గోడలు లేపాలంటే ముందు సొంత డబ్బు పెట్టాలి, లేపాకే మళ్లీ బిల్లు. ఆవిడ దగ్గర ఎక్కడిది? మొన్న అటు వెళ్తే పునాది నిండా పిచ్చిమొక్కలు, ఊచలు తుప్పు పట్టి వంగిపోయాయి. ఆవిడ దాసన్నపేటలో అద్దెకే ఉంటోంది. చట్టం ఉంటే ఆవిడకి ఏం ఒరిగేది?

ఇచ్ఛాపురం వాసి:
మా ఊరు దాటితే ఒడిశా. అక్కడ మురికివాడల్లో ఉంటున్నవాళ్లకి భూమి హక్కు ఇస్తూ 2017లో చట్టమే చేశారు. ఆ హక్కు పిల్లలకి వస్తుంది, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, అమ్మడానికి మాత్రం లేదు. వీలైనంతవరకు ఉన్నచోటే. పట్నం బయట ఉన్న మీ గుంకలాంలో చూడండి, దాదాపు 400 ఎకరాల్లో 12 వేలకు పైగా ప్లాట్లు వేశారు. పాచిపని చేసే మనిషి తెల్లారి ఆరింటికి కంటోన్మెంట్‌లో ఉండాలంటే ఆటోకే ఎంతవుతుంది?

పాత మేస్త్రీ:
ఉన్నచోటే అంటే చెరువు గట్ల మీదా? గట్టు మీద పట్టా ఇస్తే గట్టిగా ఒక్క వాన పడితే ఊరే మునుగుతుంది. ఇది ఒడిశా వాళ్లని చూసి రాసేసేది కాదు మాస్టారూ.

కాంప్లెక్స్ టీ బడ్డీ:
మీరంతా ఎంతో కొంత స్థలం ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. రాత్రి పన్నెండు దాటాక ఆర్టీసీ కాంప్లెక్స్‌కి రండి. ఒక ముసలాయన ఫ్లెక్సీ ముక్క పరుచుకుని, పోతాయన్న భయంతో చెప్పులు తల కింద పెట్టుకుని పడుకుంటాడు. ఆధార్‌కి అడ్రసు లేదు, అది లేక రేషన్ కార్డు లేదు, కార్డు లేక ఏ జాబితాలోనూ పేరు లేదు. లక్ష జనాభాకి కనీసం వంద మందికి షెల్టర్‌లో చోటుండాలని కేంద్రం మార్గదర్శకాలే చెప్పాయి. మన పట్నం 2011కే రెండు లక్షలు దాటింది. తలదాచుకునే చోటు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చమేలీ సింగ్ కేసులో 1990ల్లోనే చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఆయన ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఫలానా ఆఫీసరు ఇన్ని రోజుల్లో చోటు చూపించాలని చట్టంలో ఉంటే కనీసం అడగడానికి ఒక మనిషి ఉంటాడు. అర్జీలో ఆయన లేకపోతే నా సంతకం లేదు.

కోటగుమ్మం:
నిజమే అన్నా, మేం మరిచిపోయాం. మొదటి పేరా మార్చాను: అడ్రసు లేదన్న కారణంతో ఎవరినీ జాబితాలోంచి తీయకూడదు. చెరువు గట్ల మీద ఉన్నవాళ్లకి పని దొరికే చోటికి దగ్గర్లో స్థలం. గోడల బిల్లులో సగం ముందే ఇవ్వాలని కూడా రాశాను. మేస్త్రీ గారూ, ఇప్పుడైనా పెడతారా?

పాత మేస్త్రీ:
గోడల బిల్లు దాకా ఒప్పుకుంటాను. చట్టం సంగతి నాకింకా నమ్మకం లేదు. సోమవారం కాగితం పట్టుకురా, అద్దాలు తెచ్చుకుని పూర్తిగా చదువుతాను.