అణువిద్యుత్ అంటే భయం: తెలియనితనమా, అనుభవమా?

వేసవివాన:
అణువిద్యుత్ మాట ఎత్తగానే సోవియట్ యూనియన్‌లో చెర్నోబిల్ ప్రమాదం అంటారు, జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం అంటారు. చర్చ అక్కడితో ఆగిపోతుంది. బొగ్గు పొగకు ఎంతమంది పోతున్నారో ఎవరూ అడగరు. లెక్కగట్టినవాళ్లు చెప్పేదేమంటే, ప్రతి వంద కోట్ల యూనిట్ల కరెంటుకు బొగ్గు వల్ల పోయేవాళ్లు దాదాపు 24 మంది. అణువిద్యుత్‌కు, ఆ రెండు ప్రమాదాలూ కలుపుకుని కూడా, 0.03. 1975లో చైనాలో బాన్‌చియావో డ్యామ్ తెగి వేలాదిమంది కొట్టుకుపోయారు. అందుకని డ్యాములే వద్దన్నామా? రియాక్టర్ అణుబాంబులా పేలుతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బాంబుకు వాడే యురేనియంలో సులువుగా చీలే 235 రకం 90 శాతం దాకా ఉంటుంది, ఎక్కువ రియాక్టర్లలో 3 నుంచి 5 శాతమే. ఈ భయం తెలియనితనం వల్ల వచ్చిందేనని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

మూడోగంట:
వేసవివాన గారూ, మీ అంకెలతో నాకు పేచీ లేదు. మీరు చావుల్నే లెక్కపెట్టారు, నా అభ్యంతరం దానికి.

1986 ఏప్రిల్ 26న అర్ధరాత్రి దాటాక చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ పేలింది. ప్రిప్యాత్ పట్టణం దానికి కూతవేటు దూరం. తెల్లారితే శనివారం, పిల్లలు మామూలుగానే బడికి వెళ్లారు. ఊరు ఖాళీ చేయించింది మర్నాడు మధ్యాహ్నం. ప్రపంచానికి తెలిసింది 28న, అదీ స్వీడన్‌లో ఫోర్స్‌మార్క్ కేంద్రం ఉద్యోగి బూట్ల మీద రేడియేషన్ బయటపడ్డాక. పేలుడులో వెలువడిన రేడియోధార్మిక అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవు పాల ద్వారా పిల్లల థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. అది ఎనిమిది రోజులకు సగమవుతుంది. అంటే మొదటి కొన్ని వారాలు పిల్లలకు ఆ పాలు పట్టకుండా ఉంటే చాలావరకు తప్పిపోయేది. "పాలు పట్టకండి" అన్న మాట చాలా ఇళ్లకు వేళకు చేరలేదు. తరవాతి ఏళ్లలో వేలమందికి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. చికిత్సతో ఎక్కువమంది బతికారు కాబట్టి వాళ్లు మీ 0.03లో కనపడరు. ఆ తల్లులకు అణుశాస్త్రం తెలియకపోవచ్చు. తమకు చెప్పలేదన్న సంగతి మాత్రం తెలుసు.

బాయిలర్‌మనిషి:
బొగ్గు కేంద్రంలో బాయిలర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి, కాస్త యంత్రం సంగతి చెబుతాను. మాకు మంట ఆపేస్తే చాలు, నెమ్మదిగా చల్లబడుతుంది. రియాక్టర్‌లో కడ్డీలు దింపి గొలుసుచర్య ఆపినా లోపలి పదార్థం వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆపిన క్షణాన మొత్తం వేడిలో 6 శాతం పైనే, గంట తరవాత కూడా ఒక శాతం పైనే. 3,000 మెగావాట్ల వేడినిచ్చే రియాక్టర్‌లో 6 శాతమంటే 180 మెగావాట్లు! అది బయటికి పోవాలంటే నీళ్లు తిరుగుతూనే ఉండాలి.

2011 మార్చి 11న ఫుకుషిమాలో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. ముప్పావుగంట తిరిగేసరికి దాదాపు 14 మీటర్ల అల వచ్చింది. కేంద్రం తట్టుకోగలదని లెక్కవేసుకున్నది ఆరు మీటర్ల లోపు అలకు. జనరేటర్లలో ఎక్కువభాగం నేలమాళిగల్లో ఉన్నాయి, మునిగిపోయాయి. చల్లబరిచే నీళ్లు ఆగి మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది, మిగతాది మీకు తెలుసు.

కానీ ఒనగావా సంగతి ఎంతమందికి తెలుసు? అదీ అణువిద్యుత్ కేంద్రమే, ఆ తీరంలోనే, భూకంప కేంద్రానికి ఇంకా దగ్గర. అక్కడ అల 13 మీటర్లు. టర్బైన్ హాల్లో మంటలు రేగాయి, ఒకచోట నీళ్లు చేరాయి, అయినా మూడు రియాక్టర్లూ చల్లబడ్డాయి. దాన్ని 14.8 మీటర్ల ఎత్తున కట్టారు మరి. యానోసుకే హిరాయ్ అనే ఇంజనీరు పాత సునామీలను గుర్తుచేసి, ఆ ఎత్తు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. 1986లో పోయాడు, తాను కాపాడినదాన్ని చూడలేదు. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కలవాళ్లు మూడు వందల మందికి పైగా ఆ కేంద్రం ప్రాంగణంలోనే తలదాచుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

గులకరాయి:
వ్యర్థాల మాటేమిటి? ప్లుటోనియం-239 సగమవడానికే 24,000 ఏళ్లు.

బాయిలర్‌మనిషి:
ఫిన్లాండ్‌లో ఒంకాలో పేరుతో 400 మీటర్ల పైచిలుకు లోతున రాతిలో పూడ్చడానికి సొరంగాలు తవ్వారు. దారి ఉంది, చాలా దేశాలు ఇంకా ఆ దారి పట్టలేదు. దీనికి వేరే చర్చ పెడదాం.

వేసవివాన:
ఒనగావా గురించి ఇంత వివరంగా ఇప్పుడే తెలిసింది, కృతజ్ఞతలు. ఇంకో వైపు కూడా చూడండి. ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల పోయినట్టు జపాన్ ప్రభుత్వం 2018లో ఒప్పుకున్నది ఒక్క కార్మికుడి విషయంలో. ఊళ్లు ఖాళీ చేయించే హడావుడిలో, ఆ తరవాతి అగచాట్లలో పోయినవాళ్లు ఆ ఒక్క ప్రిఫెక్చర్‌లోనే (మన రాష్ట్రం లాంటిది) 2,000 మందికి పైగా. ఎక్కువమంది ముసలివాళ్లు. మంచం మీది రోగులను బస్సుల్లో గంటల తరబడి తిప్పారు. మరి చంపింది రేడియేషనా, భయమా?

మూడోగంట:
ఆ ముసలివాళ్లు భయపడి బస్సెక్కలేదండీ. వాళ్లను ఎక్కించారు. ఎక్కడికి తీసుకెళ్లాలో, దారిలో మందులు ఎవరివ్వాలో ముందే అనుకోనివాళ్లు ఎక్కించారు.

పైగా ఇది చూడండి. రేడియేషన్ ఎటు పోతుందో అంచనావేసే వ్యవస్థ, స్పీడీ అని, ప్రభుత్వం దగ్గర ఉంది. ఆ అంచనాలు ఊళ్లకు చేరలేదు. నామియె పట్టణవాసులు వేలమంది కేంద్రానికి దూరం జరిగామనుకుని సుషిమా వైపు వెళ్లారు. రేడియేషన్ మేఘం పోయిందీ అటే. పిల్లలు అక్కడ బయట ఆడుకున్నారు. చెర్నోబిల్‌కు పాతికేళ్ల తరవాత, స్వేచ్ఛగా పత్రికలు నడిచే దేశంలో, మళ్లీ చెప్పలేదు. దీన్ని చూసి భయపడేవాణ్ణి మీరు తెలియనివాడంటారా?

వేసవివాన:
అనను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అణువిద్యుత్ వద్దన్నదానికి మాత్రం ఒప్పుకోను. రియాక్టర్లు మూసేసినచోట బొగ్గు ఇంకొన్నేళ్లు ఎక్కువ మండితే ఆ చావులకు పేరూ ఉండదు, ఏటా గుర్తుచేసుకునే తేదీ కూడా ఉండదు.

మూడోగంట:
వద్దని నేనూ అనలేదు. మా ఇంటి పక్కన కడతామంటే నేనడిగేవి మూడు. జనరేటర్లు ఏ ఎత్తున పెట్టారు? రేడియేషన్ రీడింగులు కేంద్రం యజమాని కాక ఇంకెవరైనా తీసి, ఆ గంటకు ఆ గంట అందరికీ చూపిస్తారా? మంచం మీదున్న మా అమ్మను తీసుకెళ్లాల్సి వస్తే ఆ బస్సులో నర్సు ఉంటుందా?

బాయిలర్‌మనిషి:
నాలుగోది నేను చేరుస్తాను. గోడ ఎత్తు చాలదని లోపల పనిచేసేవాడు రాసిస్తే ఆ కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, అతని ఉద్యోగం ఉంటుందా?