పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు కొత్త మెరుగు పెట్టించాలా, ఉన్నది ఉన్నట్టు కాపాడుకోవాలా?

బ్రాడీపేట, గుంటూరు:
మా పెదనాన్నగారి రైఫిల్ లైసెన్సుతో సహా ఈ మధ్యనే నా పేరు మీదికి మారింది. అది ఇంగ్లండులో జర్మనీవారి మౌజర్ యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగం) మీద కట్టిన వేట తుపాకీ. బ్యారెల్ మీది నల్లపూత చాలావరకు పోయి గోధుమరంగు తేలింది. బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) మీద ఒక నంబరు, రిసీవర్ (ఆ బోల్ట్ కదిలే ఇనుప గూడు) మీద ఇంకొక నంబరు ఉన్నాయి. కొయ్యకు ఎవరో మెరిసే వార్నిష్ వేయించారు. విజయవాడలో లైసెన్సు ఉన్న మిస్త్రీ ఒకరు మొత్తం పాలిష్ పట్టి, పూత వేసి కొత్తదానిలా ఇస్తానన్నారు. చేయించమంటారా?

పటమట, విజయవాడ:
తప్పకుండా చేయించండి. మన కృష్ణా తీరపు గాలిలో పూత లేని ఉక్కు ఎంతో కాలం నిలవదు. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీని డిపాజిట్ చేయాలి, అక్కడ దానికి నూనె రాసేవారు ఉండరు. వెనుకటి యజమానులు కూడా పూత పోతే మళ్లీ వేయించుకున్నవారే. పేరున్న ఇంగ్లండు కంపెనీలు ఈనాటికీ తమ పాత తుపాకులను తామే తిరిగి మెరుగుపెట్టి ఇస్తున్నాయి. వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకో నాకు అర్థం కాదు.

అరండల్‌పేట, గుంటూరు:
పటమట వారు తుప్పు గురించి చెప్పినది నిజమే. అయితే ఆ కంపెనీలలో పని చేసేవారు ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంచునూ ఎరిగి చేతితో రుద్దుతారు. ఇక్కడ మిస్త్రీ చేయబోయేది బఫింగ్ చక్రం మీద పట్టడం. చక్రం ముందుగా తినేసేది తుప్పును కాదు, ముద్రలను. ఆ తరువాత పలకల అంచులు గుండ్రబడతాయి, స్క్రూల చుట్టూ గుంటలు పడతాయి.

బ్రాడీపేట వారూ, ఏ పనికైనా ముందు బ్యారెల్‌ను నూనె గుడ్డతో తుడిచి, పక్కవాటుగా వెలుతురు పడేలా పట్టుకొని భూతద్దంతో చూడండి. కిరీటం కింద జి, పి అక్షరాలు పెనవేసుకొని ఉంటే అది లండన్ ప్రూఫ్ ముద్ర (తుపాకీని కాల్చి బలం పరీక్షించినట్టు వేసే గుర్తు); కిరీటం కింద బి.పి., బి.వి. అని ఉంటే 1904 తరువాతి బర్మింగ్‌హాం ముద్ర. పక్కన ఎన్.పి. ఉంటే పొగలేని తుపాకీ మందుతో పరీక్షించారని అర్థం. తరువాత రిసీవర్ ఎడమ గోడ చూడండి. బొటనవేలు దిగడానికి వీలుగా అక్కడ చంద్రవంక లాంటి కోత ఉంటే అది చాలావరకు సైనిక యాక్షన్. వేట రైఫిళ్ల కోసం మౌజర్ వారి ఓబర్న్‌డార్ఫ్ కర్మాగారం పంపినవాటిలో సాధారణంగా ఆ కోత ఉండదు. మ్యాగజైన్ అడుగు పలక మీట నొక్కితే కీలు మీద తెరుచుకుంటుందా, లేక తూటా మొనతో రంధ్రంలో నొక్కి ఊడదీయాలా అన్నది కూడా ఇదే సంగతి చెబుతుంది. వీటన్నిటికీ ఫొటోలు తీసుకొని, లైసెన్సులో రాసిన నంబరు రిసీవర్‌దో బోల్ట్‌దో సరిచూసుకోండి. ఇది సరదా కోసం చెప్పడం లేదు. 1959 ఆయుధ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది పేరునూ నంబరునూ చెరిపివేయడం నేరం. పాలిష్‌లో పోయిందంటే ఎవరూ వినరు.

పూత విషయంలో ఇంకొక చిక్కు ఉంది. ఆ కాలపు నల్లపూత తుప్పు నుంచే పుట్టినది. ఉక్కుకు మందు రాసి, సన్నగా తుప్పు పట్టనిచ్చి, నీటిలో మరిగించి, తీగ బ్రష్‌తో దులిపి, ఇదంతా మళ్లీ మళ్లీ చేసేవారు. ఇప్పుడు త్వరగా అయ్యే పద్ధతి కాస్టిక్ సోడా లవణాల మరుగు ద్రావణంలో ముంచడం. గురి చూసే మెట్టును మెత్తని టంకంతో అతికించి ఉంటే ఆ ద్రావణం టంకాన్ని తినేస్తుంది.

పటమట, విజయవాడ:
ముద్రల మాట ఒప్పుకుంటాను, బఫింగ్ వద్దు. కానీ తుప్పును అలాగే వదిలేయమంటారా? చరిత్ర పేరు చెప్పి ఉక్కు గుంటలు పడేదాకా చూస్తూ కూర్చోవడం కూడా నష్టమే కదా.

అరండల్‌పేట, గుంటూరు:
వదిలేయమనడం లేదు. నూనె గుడ్డకు ఎర్రగా అంటుకునేది బతికి ఉన్న తుప్పు, దానిని నూనెతో నానబెట్టి అతి సన్నని స్టీలు పీచుతో మెల్లగా తీయాలి. గుడ్డకు అంటని గట్టి గోధుమరంగు జోలికి పోనవసరం లేదు. తుపాకీని తోలు ఒరలో మాత్రం దాచకండి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టి, వానాకాలంలో తరచుగా మార్చండి. వార్నిష్‌ను ద్రావకంతో తీయించి అవిసె నూనె పట్టించవచ్చు, కానీ గరుకు కాగితం వాడనివ్వకండి. కొయ్య ఇనుప అంచుకన్నా దిగిపోతే మళ్లీ పైకి రాదు.

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఇది వేటకు పోయే వస్తువు కాదు. దీనికి మిగిలిన విలువంతా దాని మీది గుర్తులలోనే ఉంది, అందుకే ఇంతగా చెబుతున్నాను.

బ్రాడీపేట, గుంటూరు:
ఎడమ గోడ మీద కోత లేదు. ముద్ర లండన్‌దే. లైసెన్సులో ఉన్నది రిసీవర్ నంబరు. మరి బోల్ట్ సంగతి?

అరండల్‌పేట, గుంటూరు:
బోల్ట్ లగ్గులు (దానిని బిగించి ఉంచే పళ్లు) ఆ రిసీవర్‌లోనే అరిగి కుదురుకున్నవి కాకపోతే తూటా వెనుక ఖాళీ ఎక్కువై ప్రమాదం కావచ్చు. గేజీలతో ఆ ఖాళీని, అంటే హెడ్‌స్పేస్‌ను, కొలిచే లైసెన్సుదారు చూసి చెప్పేదాకా కాల్చకండి. ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి కనుక ఆ పని ఇంట్లో చేయకూడదు. నంబరు కలవకపోయినా ఆ బోల్ట్‌ను పారేయవద్దు, దాని మీద కొత్త నంబరు కొట్టించవద్దు.

పటమట, విజయవాడ:
ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు భేదాభిప్రాయం లేదు. పూత సంగతి మాత్రం వచ్చే వానాకాలం దాటాక అదే బ్యారెల్ ఫొటో పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.