ఫోను చూస్తూ “వింటున్నాను, చెప్పు” అంటే విన్నట్టేనా?

గట్టు మీద చింతచెట్టు
మా ఇంట్లో రోజూ నడిచే తగువు ఇది. అమ్మ ఏదో చెబుతూ ఉంటుంది, తమ్ముడు ఫోనులోంచి తల ఎత్తడు. “నా మాట వింటున్నావా?” అని గద్దిస్తే చివరి రెండు వాక్యాలూ పొల్లుపోకుండా అప్పజెబుతాడు. ఇంకేం కావాలన్నది వాడి వాదన. అమ్మకు అది చాలదు. సరే, అదే అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పక్కింటి పిన్నిగారితో గంటసేపు కష్టసుఖాలు మాట్లాడుతుంది, ఒక్కసారైనా తల ఎత్తదు. అక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. మరి తమ్ముడు చేసిన నేరమేమిటి? నా ఓటు వాడికే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నిషిద్ధాక్షరి
నా ఓటు కూడా తమ్ముడికే. అష్టావధానం చూసినవారు ఈ ప్రశ్నే అడగరు. అవధాని చుట్టూ ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్యగా ఒక పాదమిచ్చి పద్యం పూర్తి చేయమంటారు, ఒకరు దత్తపది అంటూ కొన్ని పదాలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. పద్యం ఒక దారిలో పడుతోందనగానే అప్రస్తుత ప్రసంగి వంకాయ కూర సంగతి ఎత్తుతాడు. మధ్యమధ్య గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క ఉండాలి. నాలుగు ఆవృత్తాలు, అంటే నాలుగు చుట్లు, అయ్యాక ధారణలో పద్యాలన్నీ తిరిగి చెప్పాలి. తిరుపతి వేంకట కవులు వందమంది పృచ్ఛకులతో శతావధానాలే చేశారు. ఒకసారికి ఒకరినే వినాలన్న పాఠం మనకెందుకు?

రెండో చెవి
నిషిద్ధాక్షరి గారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. అవధాని దగ్గర వరుస ఉంటుంది. సమస్య ఇచ్చినవారి వైపు తిరిగినప్పుడు ఆయనకు ఆ పాదమే లోకం. ఎనిమిది మందీ ఒక్కసారి మాట్లాడితే ఎంతటి అవధానికైనా చెయ్యెత్తి ఆపడం తప్ప గతిలేదు. ఇక గంట అంటారా, అది చప్పుడు, మాట కాదు.

తేడా అంతా అక్కడే ఉంది. 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త కోలిన్ చెర్రీ ప్రచురించిన ప్రయోగాలు చూడండి. హెడ్‌ఫోన్లు పెట్టి ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి, ఒకదాన్ని విన్నది విన్నట్టు పైకి పలకమన్నారు. రెండో చెవిలో ఏ విషయం నడిచిందో చెప్పలేకపోయారు. అక్కడ ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా పట్టుకోలేదు. మగగొంతు పోయి ఆడగొంతు వస్తే మాత్రం తెలిసింది. చిక్కుడుకాయ మాట్లాడదు కాబట్టి అమ్మ చెవులు ఖాళీగానే ఉన్నాయి. ఫోనులో ఉన్నవి మాటలు. చేతిపని సాయమే చేస్తుంది కూడా: 2009లో మనస్తత్వవేత్త జాకీ ఆండ్రేడ్ 40 మందికి విసుగెత్తించే ఫోను సందేశం వినిపిస్తే, కాగితం మీద గళ్లు నింపుతూ విన్నవారికి మిగతావారికన్నా 29 శాతం ఎక్కువ గుర్తుంది.

చివరి రెండు వాక్యాలు ఎవరైనా అప్పజెబుతారు. అంతకు నాలుగు వాక్యాల ముందు అమ్మ ఏమన్నదో మీ తమ్ముణ్ణి అడగండి.

గట్టు మీద చింతచెట్టు
మరి అమ్మ టీవీ సీరియల్ చూస్తూ నాతో మాట్లాడుతుంది. అవీ మాటలే కదా!

రెండో చెవి
సీరియల్‌లో ఒక్క మాటకు అందరి ముఖాలూ మూడేసిసార్లు చూపిస్తారు. ఆ ఖాళీలో మీతో ఒక పెళ్లి సంబంధం మాట్లాడి ముగించవచ్చు.

తలవంచినవాడు
అసలు ముఖం చూస్తూ వినాలన్న నియమం ఎవరు పెట్టారు? నాన్నగారు మందలిస్తుంటే మేము నేల చూసేవాళ్లం. కళ్లలోకి చూస్తే “ఏమిటా చూపు?” అని ఇంకో రెండు పడేవి. ఇప్పుడు ఆఫీసుల్లో శిక్షణలిచ్చి మరీ నేర్పుతున్నారు: కళ్లలోకి చూడు, తల ఊపు, అవతలివారి మాటనే తిప్పి చెప్పు. అవన్నీ తు.చ. తప్పకుండా చేసే అధికారి ఒకరు నాకు తెలుసు. సెలవు ఎందుకు కావాలో తల ఊపుతూ విని, అదే రోజుకు మీటింగు పెట్టారు.

మూలగది
ఆ శిక్షణలన్నిటికీ మూలం 1957లో మనస్తత్వవేత్తలు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ “యాక్టివ్ లిజనింగ్” (మనసుపెట్టి వినడం) మీద రాసిన వ్యాసం. అయితే వాళ్లు దాన్ని కిటుకుగా చెప్పలేదు. ఎదుటివాడి మీద గౌరవం లేకుండా పైపైన వాడితే బోలుగా ఉంటుందని, అది అవతలివాడు పసిగడతాడని అందులోనే హెచ్చరించారు. శిక్షకులు ఆ పేజీ దాటేసినట్టున్నారు.

నా కొలత వేరు. అమ్మ “మామయ్య మోకాలి ఆపరేషన్ వాయిదా వేశారట” అన్నదనుకోండి. తమ్ముడు ఆ వాక్యం అప్పజెబుతాడు. విన్నవాడైతే “అయ్యో, ఎందుకట?” అంటాడు. బుర్రకథలో పక్కనున్న ఇద్దరూ తందాన అంటూ ఊరుకోరు, మధ్యలో అడ్డు ప్రశ్న వేస్తారు. కథ దాని మీదే ముందుకు కదులుతుంది.

ఓపీ చీటీ
నేను డాక్టర్ని. మీరంతా నన్ను బోనులో నిలబెట్టేలా ఉన్నారు. రోగి చెబుతుంటే నేను కంప్యూటర్‌లో టైపు చేస్తాను. అదీ మాటలే, రెండో చెవి గారి లెక్కలో నేను దోషిని. కానీ నేను టైపు చేసేది ఆయన మాటలనే! తర్వాత రాద్దామనుకుంటే ఈయన షుగరు మాత్ర ఇంకొకరి చీటీలోకి పోతుంది. బయట బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారో మీకు తెలియదు.

ఒక్కటి మాత్రం నిజం. కొందరు అంతా అయ్యాక, తలుపు మీద చెయ్యి వేసి, “ఇంకొకటండీ, మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుంటోంది” అంటారు. వచ్చింది దానికే. ముందే ఎందుకు చెప్పరో!

నిషిద్ధాక్షరి
తెర వంక చూస్తున్నవారికి గుండె నొప్పి సంగతి ఎలా చెబుతారండీ? అవధాని కూడా ముందు పృచ్ఛకుడి వైపు తిరుగుతాడు.

ఓపీ చీటీ
మీరు తమ్ముడి పక్షం కాదూ? నేను తిప్పింది మెడను కాదు, తెరను. రాస్తున్నది ఇప్పుడు రోగికి కూడా కనబడుతుంది. మొన్న ఒకాయన కళ్లజోడు సర్దుకుని, “కుడికాలని టైపు కొట్టారు, నేను చెప్పింది ఎడమకాలండీ” అని దిద్దించారు.