విశ్వాసం ఒక్కటే చాలా, క్రియలు కూడా ఉండాలా?

దేవరకొండ తమ్ముడు:
అందరికీ వందనాలు. మా కూడికలో పోయిన ఆదివారం ఎఫెసీ 2:8 మీద ప్రసంగం. కృపచేతనే రక్షణ, మన క్రియలవల్ల కాదు అన్నారు. సాయంత్రం నల్లగొండ నుంచి వచ్చిన మా మేనమామ (క్యాథలిక్) యాకోబు 2:24 తీసి చూపించాడు. మనిషి విశ్వాసంవల్లనే కాదు, క్రియలవల్ల కూడా నీతిమంతుడవుతాడని అందులో ఉంది. రెండూ బైబిల్లోవే. ఏది పట్టుకోవాలి?

మిర్యాలగూడ బాప్టిస్ట్:
రోమా 3:28 చదువు తమ్ముడూ, పౌలు తేటగా చెప్పాడు. క్రియలు కలిపావా, ఎంత చేస్తే సరిపోతుందన్న టెన్షన్ మొదలవుతుంది. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్, అంతకుముందు మఠంలో ఉపవాసాలు, జాగరణలు చేసీ చేసీ నలిగిపోయింది అందుకే. సిలువమీది దొంగ ఏం క్రియలు చేశాడని పరదైసుకు పోయాడు?

నల్లగొండ విచారణ సభ్యుడు:
అన్నా, మేం క్యాథలిక్కులం క్రియలతో రక్షణ కొనుక్కుంటామని చాలామంది అనుకుంటారు. 1547లోనే మా బిషప్పుల ట్రెంట్ మహాసభ, నీతిమంతులుగా తీర్చే ఆ కృపను ముందుగా మన విశ్వాసంగానీ క్రియలుగానీ సంపాదించలేవని చెప్పింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లు, క్యాథలిక్కులు దీనిమీద ఉమ్మడి ప్రకటన చేశారు. 2006లో మెథడిస్టులూ కలిశారు. తేడాలన్నీ పోయాయనను.

ఆ దొంగ సంగతికొస్తే, సిలువకు వేలాడుతూనే తోటివాడిని గద్దించాడు, తన తప్పు ఒప్పుకున్నాడు, యేసు ఏ తప్పూ చేయలేదని అందరి ముందూ చెప్పాడు. ఉన్న కాస్త ఊపిరితో చేయగలిగిందంతా చేశాడు.

జడ్చర్ల అక్క:
తమ్ముడూ, ఇద్దరూ ఎవరితో మాట్లాడుతున్నారో చూడు. గలతీయలో పౌలు పోరు, సున్నతి లేకపోతే కుదరదన్న వాళ్లతో. ఆకలితో ఉన్నవాడికి ఏమీ పెట్టకుండా "తృప్తిపొందుడి" అని పంపేసేవాళ్లతో యాకోబు పోరు. అబ్రాహాము నమ్మాడన్న ఆదికాండం 15:6 మాటనే ఇద్దరూ ఎత్తిచూపారు.

నన్ను పట్టి ఆపేది 1 కొరింథీ 13. కొండలను కదిలించే విశ్వాసం ఉన్నా ప్రేమ లేకపోతే వ్యర్థమని 2వ వచనం. ఆస్తంతా బీదలకు పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదని 3వ వచనం. మీ ఇద్దరి వాదనకూ దెబ్బే!

మా సంఘంలో ఒకామె భర్త బొంబాయికి వలసపోయాడు. ఆమెకు జ్వరం వస్తే పదిమందిమి వెళ్లి ప్రార్థన చేసి, నూనె రాసి వచ్చాం. ఒక పెద్దమ్మ మాత్రం ఆగిపోయింది. అంట్లు తోమి, గటక కాచి, పిల్లకు జడవేసి బడికి పంపింది. ప్రార్థనలో ఆమె నోరు విప్పగా నేనెన్నడూ వినలేదు. "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము" అని గలతీ 5:6లో చదివినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది.

మిర్యాలగూడ బాప్టిస్ట్:
అక్కా, ప్రేమే ధర్మశాస్త్రాన్ని నెరవేరుస్తుందని రోమా 13:10. మరి ప్రేమ ఉండాలి అన్నామంటే మళ్లీ క్రియ అడిగినట్టే కదా?

జడ్చర్ల అక్క:
మనం పుట్టించుకునే ప్రేమైతే నువ్వన్నదే నిజం. కానీ పరిశుద్ధాత్మ ద్వారా మన హృదయాల్లో దేవుని ప్రేమ కుమ్మరింపబడిందని రోమా 5:5. విశ్వాసం ఇచ్చినవాడే అదీ ఇస్తాడు. ఇచ్చినదాన్ని తాళం వేసి దాచుకోవద్దనే యాకోబు కోప్పడేది.

మిర్యాలగూడ బాప్టిస్ట్:
అంతవరకు ఒప్పుకుంటాను. ఎఫెసీ 2:10లో సత్‌క్రియలు ఉన్నది కూడా 8, 9 వచనాల తర్వాతే, ఆ వరుస తప్పకూడదు. చావుమంచం మీదున్నవాడి దగ్గరికి పిలిస్తే మాత్రం నేను సిలువ గురించే చెప్తాను. నీలో ప్రేమ ఎంతుందని అడగను.