సమస్యాపూరణం: "ప్రియుని విడనాడి ప్రియునినే పెండ్లియాడె"

నిర్వాహకురాలు (సత్యనారాయణపురం, విజయవాడ):
ఈ వారం సమస్య, అంటే అర్థం పొసగనట్టు కనిపించే పాదం, పైనే ఉంది. తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో ఇది నాలుగో పాదం, ప్రి-పె యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన పొత్తు) సరిపోయింది, అర్థం పొసిగేలా మిగతా మూడు పాదాలు మీవి. ఇంట్లో చూసిన సంబంధమా, ఇంట్లో ఒప్పుకోని ప్రేమా అనే గొడవ మన ఇళ్లల్లో కొత్తది కాదు కాబట్టి మాటల గారడీతో సరిపెట్టకండి. ఆ పిల్ల మనసులో ఏముందో పద్యంలో కనపడాలి.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు):

చేది రాజుతో లగ్నంబు చేయఁ జూడ
విప్రు నంపించి రమ్మంచు వేడె వేగ
హరికి మనసిచ్చి రుక్మిణి, యన్న మెచ్చు
ప్రియుని విడనాడి ప్రియునినే పెండ్లియాడె

నిర్వాహకురాలు:
'అన్న మెచ్చు' అని మూడో పాదం చివర పెట్టడంతో చిక్కుముడి హాయిగా విడిపోయింది మాస్టారూ. అయితే భాగవతంలో బంధువులంతా కృష్ణుడికే ఇద్దామనుకున్నారు, అడ్డుపడి చేదిరాజు శిశుపాలుడన్నది ఆమె అన్న రుక్మి ఒక్కడే. ఇల్లంతా ఒకవైపు, పిల్ల ఒక్కతే ఒకవైపు ఉన్న బాధ ఇందులో లేదు. సుభద్రను తీసుకున్నా అంతే. బలరాముడు దుర్యోధనుడికి ఇద్దామనుకున్నా, కృష్ణుడు అర్జునుడి పక్షానే ఉన్నాడు. మన ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేశాడని చెప్పుకునే ఆ విజయుడికి అంత అండ దొరికింది. మామూలు ఇంటి పిల్లకు ఆ అండ ఎవరిస్తారు?

కృష్ణలంక కుర్రాడు:

ఇంట నొప్పించు వరకు నీ వెదుటఁ బడకు
మనుచుఁ గన్నీటఁ జెప్పి తా నమ్మతోడ
తండ్రి మనసును మార్చెను తరుణి, యటుల
ప్రియుని విడనాడి ప్రియునినే పెండ్లియాడె

బ్రాడీపేట మాస్టారు:
బాగుంది నాయనా, ఇద్దరు ప్రియులు లేకుండా ఒక్కడితోనే పూర్తిచేశావు. కాకపోతే మొదటి పాదం విడదీయకుండా చదివితే ఇంట్లోవాళ్లను నొప్పించమన్నట్టు ఉంది. 'ఇంట మెప్పించు' అను, గణాలూ (పాదంలో గురులఘువుల లెక్క) చెడవు, అర్థమూ తిన్నగా ఉంటుంది.

కృష్ణలంక కుర్రాడు:
తప్పకుండా మారుస్తానండీ. అయినా ఇద్దరూ మేజర్లయితే ఇంట్లోవాళ్ల అనుమతీ కులపెద్దల అనుమతీ అక్కర్లేదని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టే చెప్పింది కదా, ఆ పిల్ల అన్నాళ్లు ఎందుకు ఆగాలి అని రాసేటప్పుడు నాకే అనిపించింది.

కొత్తపేట అక్కయ్య (గుంటూరు):
కోర్టు ఒప్పుకున్నా పండక్కి పుట్టింటి గుమ్మం ఎక్కనివ్వకపోతే ఏం చేస్తుంది తమ్ముడూ? అందుకే ఆగింది. నా పూరణ ఇంకో వైపు నుంచి:

కన్నవారికిఁ బ్రియుడైన ఘనునిఁ జూపి
తాళి కట్టించుకొమ్మని తల్లి యేడ్వ
మనసు రాయిగఁ జేసి యా మగువ తనదు
ప్రియుని విడనాడి ప్రియునినే పెండ్లియాడె

కృష్ణలంక కుర్రాడు:
అక్కా, పద్యం గుండెల్లో గుచ్చుకుంది కానీ ఒప్పుకోలేకపోతున్నాను. తల్లి ఏడుపుకు లొంగిపోవడం గొప్ప అన్నట్టు ఉంది.

కొత్తపేట అక్కయ్య:
గొప్ప అని ఎక్కడన్నాను? 'మనసు రాయిగ' అన్నాను. పెళ్లిచూపుల రోజున కాఫీ కప్పులున్న ట్రే పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయిన పిల్లల్ని చూశాను. లోపల తల్లి "నా పరువు తియ్యకే" అంటుంటుంది, ముందు గదిలో పెద్దవాళ్లు కట్నం సంగతి మాట్లాడుకుంటుంటారు. ఆ అరనిమిషంలో నిర్ణయం జరిగిపోతుంది, దాన్నే రాశాను.

నిర్వాహకురాలు:
ఈ వారం నా ఓటు అక్కయ్యగారి పద్యానికే. 'ప్రియుడు' మొదటి పాదంలో కన్నవారికి ఇష్టుడు, నాలుగో పాదం మొదట్లో ఆమెకు ఇష్టుడు. ఎవరి ఇష్టం గెలిచిందో, ఎవరి ఇష్టం ఓడిందో విడమర్చి చెప్పనక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఒక్క సవరణ, 'ఘనుని' యతి కోసం వచ్చినట్టుంది, అతను ఎందులో ఘనుడో పద్యం చెప్పలేదు. 'కన్నవారికిఁ బ్రియుడైన కొడుకు' లాంటివి యతికి కుదరవు, 'కలిమి వానిఁ' అంటే గణాలు నిండిపోయి 'జూపి'కి చోటుండదు, వీలైతే ఇంకోటి ఆలోచించండి అక్కయ్యా.

మూడు పూరణలూ అమ్మాయి వైపు నుంచే వచ్చాయి. ఆమె విడనాడిన అబ్బాయి వైపు నుంచి ఎవరైనా రాస్తారా? ఆదివారం దాకా గడువు పెంచుతున్నాను.